భీమవరం హెచ్‌డీపీఈ వెల్డింగ్ సర్వీసు: అతుకు బాగా వేస్తారు, చల్లారనివ్వరు

ఉప్పుటేరు నుంచి చెరువుకి నీళ్లు తోడే లైన్లో పీవీసీ తీసేసి హెచ్‌డీపీఈ నల్ల పైపు వేయించాలని చూస్తున్న మొగల్తూరు, నరసాపురం, ఆకివీడు వైపు రైతుల కోసం ఈ సమీక్ష. భీమవరంలో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక దుకాణం వాళ్లే టీం పెట్టుకుని చెరువు గట్టు మీదికి మెషీన్ తెచ్చి పైపు అతికి వెళ్తున్నారు. 110, 160 ఎంఎం లైన్ల మీద వాళ్ల పని ఎలా ఉందో, మీరు ఎక్కడ దగ్గరుండి చూసుకోవాలో చెబుతాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. పైపు చివరలు చెక్కడం, ఎదురెదురుగా కుదర్చడం, వేడి పట్టడం ఈ టీంకి బాగా వచ్చు. ఆపరేటరు చేతిలో పనితనం ఉంది. చల్లారే సమయం దగ్గర మాత్రం తొందరపడతారు. జాయింటుకి ఇంత అని డబ్బు మాట్లాడుకోవడమే ఆ తొందరకి మూలం. ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్ల (లోపలి తీగకి కరెంటు పెట్టి అతికే గొట్టాల) పని ఇంకా నేర్చుకోవాలి. పని ఇవ్వొచ్చు, కానీ వాళ్లు చెప్పే షరతుల మీద ఇవ్వొద్దు.

హెచ్‌డీపీఈకి సొల్యూషన్ పనికిరాదని ఇప్పటికీ అందరికీ తెలియదు. పీవీసీకి రాసే సొల్యూషన్‌లో ఉండే ద్రావకం పీవీసీ పై పొరని కరిగిస్తుంది. రెండు పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసి, ద్రావకం ఎగిరిపోయాక గట్టిపడతాయి. హెచ్‌డీపీఈని ఆ ద్రావకాలేవీ కరిగించలేవు, దాని మీద మామూలు బంకేదీ పట్టదు. అతకాలంటే వేడితో కరిగించి ఒత్తడమే దారి. సరిగ్గా చేస్తే అతుకు పైపంత బలంగా ఉంటుంది. తప్పు చేస్తే చూపుకి మాత్రం అంతే బాగుంటుంది, అసలు ప్రమాదం అదే.

టీంలో ఆపరేటరు, ఇద్దరు హెల్పర్లు ఉంటారు. మినీ ట్రక్కులో హైడ్రాలిక్ మెషీన్, 5 కేవీఏ జనరేటరు వస్తాయి. చేత్తో లివరు లాగి ఒత్తే చిన్న మెషీన్ కూడా వాళ్ల దగ్గర ఉంది. చిన్న పని అనిపిస్తే దాన్నే తెస్తారు, దానికి ప్రెషర్ గేజీ లేదు. 110 దాకా అనుభవమున్న చెయ్యి దాంతో నెట్టుకురాగలదు గానీ, 160కి హైడ్రాలిక్ మెషీనే కావాలని ఫోన్లోనే చెప్పండి. జనరేటరు వాళ్లదే ఉండాలని కూడా అడగండి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నడిచే లైను నుంచి కరెంటు తీసుకుంటే, మోటార్లు స్టార్టయిన ప్రతిసారీ వోల్టేజీ పడి హీటర్ ప్లేటు చల్లబడుతుంది.

పైపు గురించి. దుకాణంలో రెండు రకాలుంటాయి. ఒకటి ఐఎస్ 4984 (హెచ్‌డీపీఈ నీళ్ల పైపుల భారత ప్రమాణం) ముద్ర, పీఈ 100 (సరుకు గ్రేడు), పీఎన్ 10 (ఎంత ప్రెషర్‌కి చేసిందో చెప్పే అంకె), సైజు, బ్యాచి నంబరు వరసగా అచ్చయి, నీలం చారలున్న పైపు. రెండోది ఏ ముద్రా లేకుండా కిలోల లెక్కన ఇచ్చే నల్ల పైపు. అడిగితే తేడా దాచకుండా చెబుతారు, అది వాళ్ల మంచితనం. అడగకపోతే మాత్రం రెండోదే బండెక్కుతుంది. మంచి పైపు కొత్త గుళికలతో చేస్తారు. గుళికలు ఎక్స్‌ట్రూడర్‌లో 200 డిగ్రీల దగ్గర కరిగి, డై గుండా గొట్టంలా బయటికొచ్చి, వాక్యూం తొట్టిలో సైజు పట్టుకుని, నీళ్ల జల్లులో గట్టిపడతాయి. ఎండకి తట్టుకోడానికి కలిపే కార్బన్ బ్లాక్ సుమారు 2.5 శాతం ఉంటుంది. అది పైపు మొత్తంలో సమంగా కలవాలి. చవక పైపులో పాత డబ్బాలు, సంచులు, రకరకాల గ్రేడులు కలిసి ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు కరుగుతుందో తెలియదు కాబట్టి ఏ ఆపరేటరైనా దాని అతుకుకి హామీ ఇవ్వలేడు.

కాటా ఉంటే ఒక పరీక్ష సులువు. 110 ఎంఎం, ఎస్‌డీఆర్ 17 (బయటి వ్యాసం మందానికి సుమారు 17 రెట్లు), అంటే 6.6 ఎంఎం మందం ఉన్న పైపు మీటరుకి సుమారు 2.1 కిలోలు తూగాలి. బాగా తగ్గితే మందం కోసేశారన్నట్టు. బాగా పెరిగితే సున్నపు పొడిలాంటిదేదో కలిసిందని అనుమానించాలి.

ఇక అసలు పని. ఒక జాయింటు మొదటి నుంచి చివరి దాకా చూస్తే టీం సంగతి తెలిసిపోతుంది.

రెండు పైపుల్ని క్లాంపుల్లో బిగిస్తారు. ఆపరేటరు ముందు పైపుల ముద్రల్ని పైకి తిప్పిస్తాడు, ఏ పైపు ఎక్కడ అతికిందో తర్వాత చదువుకోవచ్చని. ఈ అలవాటు నాకు నచ్చింది. తర్వాత ట్రిమ్మర్ పెడతాడు. రెండు వైపులా బ్లేడు తిరిగే ఈ యంత్రం పైపు చివరల్ని సమంగా చెక్కుతుంది. కోసిన పైపు చివర కొద్దిగా లోపలికి ముడుచుకుని ఉంటుంది, ఫ్యాక్టరీలో చల్లారినప్పుడు లోపల మిగిలిపోయిన లాగుడు వల్ల. ఆ ముడుచుకున్న ముక్క పూర్తిగా పోయేదాకా చెక్కాలి. మంచి పైపైతే చెక్కు రిబ్బను తెగకుండా, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు వచ్చే చుట్టలాగా పొడుగ్గా వస్తుంది. రిబ్బను పొడిపొడిగా రాలినా, చెక్కిన ముఖం మీద సూది రంధ్రాలు కనిపించినా పైపు నాసిరకం లేదా గుళికల్లో తేమ ఉండిపోయింది. ఆ పైపుని అక్కడే పక్కన పెట్టించండి.

చెక్కిన ముఖాన్ని ఇక వేలితో ముట్టకూడదు. ఈ టీంలో హెల్పర్లు రిబ్బను తీయడానికి లోపలికి చెయ్యి పెడతారు, అరచేయి అంచుకి తగులుతుంది. చెమట, నూనె అక్కడే ఉండిపోతాయి. ఆపరేటరు చూసినప్పుడల్లా అరుస్తాడు, చూడనప్పుడు జరిగిపోతుంది. చెక్కాక రెండు చివరల్ని దగ్గరికి తెచ్చి సందు చూస్తారు, అర మిల్లీమీటరు దాటకూడదు. ఎత్తుపల్లాలు మందంలో పదో వంతు లోపు, అంటే 6.6 ఎంఎం పైపుకి 0.6 ఎంఎం లోపు ఉండాలి. దీన్ని ఆపరేటరు గోరు ఆనించి చూస్తాడు. క్లాంపు వదులు చేసి, పైపుని కొద్దిగా తిప్పి మళ్లీ బిగించి, మళ్లీ చెక్కుతాడు. చుట్టల్లో వచ్చిన 110 పైపు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. దాని మీద ఈ పని రెండు మూడుసార్లు పడుతుంది. అక్కడ అతను విసుక్కోడు. పొడుగు లైనుకైతే 6 మీటర్ల ముక్కల బదులు 12 మీటర్ల ముక్కలు తీసుకుంటే అతుకులు సగానికి తగ్గుతాయి. చుట్టలైతే ఇంకా తగ్గుతాయి గానీ, సాగదీసి తిన్నగా చేసే ఓపిక ఉండాలి.

చాలా టీంలు వదిలేసే ఒక మెట్టు ఇక్కడ ఉంది. దాన్ని వీళ్లు వదలరు. కదిలే వైపు పైపుని లాగడానికే ఎంత ప్రెషర్ పడుతుందో ముందు గేజీలో చూసుకుని, అతుకుకి కావాల్సిన ప్రెషర్‌కి దాన్ని కలుపుతారు. 110 ఎంఎం, 6.6 మందం పైపు చివర వైశాల్యం సుమారు 2,140 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకి 0.15 న్యూటన్ల చొప్పున సుమారు 320 న్యూటన్లు, అంటే 33 కిలోల ఒత్తిడి చాలు. 160 ఎంఎం, 9.5 మందానికి దాదాపు 69 కిలోలు. గట్టు మీద బురదలో 60 మీటర్ల పైపు వెనకాల వేలాడుతుంటే, దాన్ని లాగడానికే అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చు. లాగుడు లెక్క వేయకపోతే గేజీలో ముల్లు సరిగ్గానే ఉంటుంది, అతుకు మీద ఒత్తిడి మాత్రం ఏమీ ఉండదు. వీళ్లు పైపు కింద అరటి బోదెలు వేసి జారేలా చేస్తారు. డెల్టాలో దొరికే వాటిలో అంతకంటే మంచి రోలరు లేదు. కాకపోతే బోదె రసం చివరలకి అంటకుండా, మెషీన్‌కి దగ్గరగా ఉండే మొదటి రెండు మీటర్లు పొడి చెక్క దుంగ మీద పెట్టించండి.

హీటర్ ప్లేటు 215 డిగ్రీలకి పెడతారు. 200 నుంచి 220 మధ్య ఏదైనా సరే, పలచటి పైపుకి పై అంచు మంచిది. అంకె చేరగానే వాడకుండా ఇంకో పది నిమిషాలు ఆగాలి, అప్పటికి గానీ ప్లేటంతా ఒకే వేడికి రాదు. పొద్దున్న మొదటి జాయింటుకి ఈ పది నిమిషాలు వీళ్లు ఆగారో లేదో చూడండి. ప్లేటు మీద టెఫ్లాన్ పూత ఉంటుంది. అది గీసుకుపోతే కరిగిన ప్లాస్టిక్ అంటుకుని ఊడొస్తుంది. దాన్ని తుడవడానికి నూలు గుడ్డ, స్పిరిట్ వాడాలి. పాలిస్టర్ గుడ్డైతే ప్లేటు మీదే కరిగి అంటుకుపోతుంది. ఈ టీం ప్లేటు బాగుంది. దాన్ని నేల మీద పెట్టకుండా సంచిలో పెట్టుకుంటారు.

ప్లేటు మధ్యలో పెట్టి ఒత్తితే రెండు అంచుల వెంబడి కరిగిన ప్లాస్టిక్ పూసలా పొంగుతుంది. దీన్నే బీడింగ్ అంటారు. 6.6 మందానికి చుట్టూ 1 ఎంఎం ఎత్తు వచ్చేదాకా ఒత్తి, ఆ తర్వాత ప్రెషర్ దాదాపు సున్నాకి దించాలి. ఇక వేడి లోపలికి ఇంకాలి. మందం మిల్లీమీటరుకి 10 సెకన్ల లెక్కన 6.6 పైపుకి 66 సెకన్లు, 9.5 పైపుకి 95 సెకన్లు. ఇక్కడ ప్రెషర్ దించకుండా వదిలేస్తే కరిగిన సరుకంతా బయటికి కారిపోయి, చివర్లో చల్లటి ముఖాలే ఎదురెదురుగా మిగులుతాయి. పైకి బీడింగ్ పెద్దగా, దిట్టంగా కనిపిస్తుంది. లోపల అతుకే ఉండదు. ఈ ఆపరేటరు గేజీ మీద కన్నుంచి, వాచీ చూసుకుంటాడు. ఇక్కడ వంక పెట్టడానికేమీ లేదు.

ప్లేటు తీసి పైపులు కలిపే క్షణం మరీ ముఖ్యం. 6.6 మందానికి ఆరు సెకన్లు దాటకూడదు. ప్లేటు తిన్నగా పైకి లేవాలి, కరిగిన ముఖం మీద ఈడ్చుకుపోకూడదు. ముఖాలు మెల్లగా కలవాలి, టప్పున కొట్టుకోకూడదు. కలిశాక ఐదారు సెకన్లలో ప్రెషర్ నెమ్మదిగా 33 కిలోలకి చేరాలి. మొగల్తూరు దాటితే సముద్రపు గాలి ఆగదు. ఆ గాలి ఖాళీ పైపులోంచి దూరి ప్లేటుని, కరిగిన అంచుల్ని చల్లారుస్తుంది. వీళ్లు పైపు అవతలి కొసకి పాలిథిన్ సంచి కట్టేస్తారు, మెషీన్‌కి గాలి వైపు టార్పాలిన్ నిలబెడతారు. మంచు కురిసిన పొద్దుల్లో పైపు మీద చెమ్మ కూడా తుడుస్తారు. చెమ్మ ఉంటే బీడింగులో చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి.

ఇంతవరకూ చేసిన పనికి మార్కులు వేయమంటే నిండుగా వేస్తాను. తర్వాతే ఇబ్బంది మొదలవుతుంది.

కలిపిన జాయింటు క్లాంపుల్లోనే, అదే ప్రెషర్ మీద, కదలకుండా చల్లారాలి. 6.6 మందానికి పది నిమిషాలు, 9.5 మందానికి పదమూడు నిమిషాలు. మన వేసవి ఎండలో ఇంకా కొంచెం ఎక్కువే ఇవ్వాలి. టీం మాత్రం మూడు, నాలుగు నిమిషాలకే బీడింగ్ మీద గోటితో నొక్కి చూసి, గట్టిపడితే "అయిపోయిందండి, తీసేయమంటారా?" అని అడుగుతారు. పక్కన రైతు లేకపోతే ఆ అడగడం కూడా ఉండదు. ఇంకొంచెం తొందరైతే హెల్పరు తడి గోనె తెచ్చి జాయింటు మీద కప్పుతాడు.

గోటికి గట్టిగా తగలడం ఏమీ చెప్పదు. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల కిందికి దిగాక గట్టిపడడం మొదలుపెడుతుంది. కానీ ప్లాస్టిక్ వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది. పై తోలు గట్టిపడ్డాక కూడా నడి మందంలో ఇంకా మెత్తగానే ఉంటుంది. గట్టిపడే కొద్దీ లోపల స్ఫటికాలు ఏర్పడి, సరుకు కుంచించుకుపోతుంది. ఆ తగ్గే పరిమాణాన్ని పూడ్చడానికే ప్రెషర్ ఆపకుండా ఉంచేది. ముందే వదిలేస్తే నడి మందంలో కంటికి కనపడని ఖాళీలు మిగులుతాయి. అదే సమయంలో పైపుని ఎత్తి, లాగితే మెత్తటి పొర కొద్దిగా చిరుగుతుంది. నీళ్లు పోస్తే పై తోలు బిగిసిపోయి, లోపలిది తర్వాత కుంచించుకుంటూ దాన్ని లోపలికి లాగుతుంది, ఆ లాగుడు అతుకులోనే బందీ అవుతుంది.

ఇలాంటి అతుకు వేసిన రోజు కారదు, అందుకే ఎవరూ నమ్మరు. చెరువు లైన్లలో మామూలుగా నడిచే ప్రెషర్ పైపు తట్టుకోగల దాంట్లో చిన్న భాగమే. అతుకు విడిపోయేది కరెంటు పోయి మోటారు టక్కున ఆగి, లైన్లో నీళ్లు వెనక్కి తన్నుకొచ్చి నాన్‌రిటర్న్ వాల్వు కొట్టుకున్నప్పుడు. లేదా వానలకి గట్టు కుంగి పైపు వంగినప్పుడు. అప్పుడు అతుకు రేఖ వెంబడి, కత్తితో కోసినట్టు, నున్నగా విడిపోతుంది. విడిపోయిన ముఖం నున్నగా మెరుస్తూ ఉంటే అది అతుకు తప్పు. పీచులా సాగి చిరిగితే అతుకు బాగానే పట్టింది, వేరే చోట భారం పడిందని అర్థం.

టీం తొందర ఎందుకో లెక్క వేస్తే కనిపిస్తుంది. 300 మీటర్ల 110 లైను, 6 మీటర్ల ముక్కలతో వేస్తే 49 జాయింట్లు. బిగించి, చెక్కి, కుదర్చడానికి నాలుగైదు నిమిషాలు, వేడికి ఒకటిన్నర, చల్లారడానికి పది. ఒక్కో జాయింటుకి పదహారు నిమిషాలు. గంటకి నాలుగు దాటవు. 49 జాయింట్లకి పదమూడు గంటలు, అంటే రెండు రోజుల పని. ఒకే మెషీన్‌తో ఆరు గంటల్లో ముగిస్తే జాయింటుకి ఏడు నిమిషాలు దక్కినట్టు, చల్లారడానికి ఒక నిమిషం మిగిలినట్టు. ఎవరి మాటా వినక్కర్లేదు, పొద్దున్న ఎన్నింటికి మొదలెట్టారో, ఎన్ని అతికారో రాసుకుంటే చాలు. జాయింటుకి ఇంత అని మాట్లాడుకున్న ఆపరేటరుకి చల్లారే ప్రతి నిమిషం తన కూలీలోంచి పోతున్నట్టే ఉంటుంది. రోజుకి ఇంత అని, డీజిల్ వేరే అని మాట్లాడుకోండి. ఒప్పుకుంటారు, కాకపోతే అడగాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పంట మధ్యలో లైను విడిపోతే పోయే దానితో పోలిస్తే అది ఏపాటిదీ కాదు.

చేసిన అతుకుని కంటితో చూసే పద్ధతి ఇదీ. రెండు పూసలూ సమంగా ఉండాలి, పైపు ఒంటి మీదికి మడతపడి ఆనుకోవాలి. రెంటి మధ్య గాడి పైపు ఒంటి కంటే కిందికి దిగకూడదు. ఒక వైపు పెద్ద, మరో వైపు చిన్న అయితే పైపులు కుదరలేదు, లేదా రెండు వైపులా వేరే గ్రేడు పైపులు. పూస మరీ చిన్నదైతే వేడి చాలలేదు. కంటిచూపు సగమే చెబుతుంది కాబట్టి, రోజు మొదట్లో ఒక జాయింటు పరీక్ష కోసం వేయించి కోయించండి. చల్లారాక, అతుకు మధ్యలో ఉండేలా అంగుళం వెడల్పు పట్టీ నిలువుగా కోసి, రెండు కొసలు కలిసేదాకా వెనక్కి వంచాలి. అతుకు దగ్గర పగుళ్లు రాకూడదు. ఈ పరీక్ష అడిగితే టీం నవ్వుతూ చేస్తుంది, రెండు అడుగుల పైపు వృథా అవుతుంది అంతే. అడగకపోతే చేయరు.

వంపుల దగ్గర దుకాణం అమ్మే సరుకు రెండు రకాలు. అచ్చులో పోసిన బెండు ఒకే ముక్క. పైపు ముక్కల్ని ఏటవాలుగా కోసి అతికి చేసిన బెండులో మూడు నాలుగు అతుకులుంటాయి, వాటిని వాళ్ల షెడ్డులోనే అతుకుతారు. ఇలా ముక్కలు అతికి చేసిన బెండు అదే మందం పైపు మోసేంత ప్రెషర్ మోయదు. అందుకే దాన్ని పైపు కంటే ఒక మెట్టు దళసరి రకంతో చేయించాలి. 110కి అచ్చు బెండు దొరుకుతుంది, దాన్నే తీసుకోండి. మోటారు దగ్గర ఫ్లాంజీ (బోల్టులతో బిగించే కలుపు) కోసం స్టబ్ ఎండు (అంచు వెడల్పుగా ఉన్న చిన్న పైపు ముక్క) అతికి, వెనకాల ఇనప రింగు వేస్తారు. మామూలు గాల్వనైజ్డ్ రింగు ఉప్పుటేరు గాలికి త్వరగా తుప్పు తింటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుదో, ప్లాస్టిక్ పూతదో అడగండి. బోల్టులు ఎదురెదురుగా బిగించాలి. హెచ్‌డీపీఈ ఒత్తిడి కింద మెల్లగా జారుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ ఒకసారి బిగించాలి. ఆ రెండోసారి కోసం టీం తిరిగి రాదు, స్పానరు పెట్టుకుని మీరే చేసుకోవాలి. పాత పీవీసీ లైనుకి కలపాలన్నా ఇదే ఫ్లాంజీ దారి.

ఎలక్ట్రోఫ్యూజన్ దగ్గర ఈ టీం వెనకబడింది. రెండు కొసలూ కదలని చోట, కాలువ కింద నుంచి వచ్చిన పైపుని గట్టు పైపుకి కలిపేటప్పుడు, ప్లేటు మెషీన్ పట్టదు. అక్కడ కప్లరు వేస్తారు. అచ్చులో పోసిన ఈ గొట్టం లోపలి ఒంట్లో సన్నటి తీగ చుట్ట ఉంటుంది. 40 వోల్టుల లోపు కరెంటు పెడితే తీగ వేడెక్కి కప్లరు లోపలి పొరనీ, పైపు పై పొరనీ కరిగిస్తుంది. పైపు ఎండలో పడి ఉన్నప్పుడు పైన ఆక్సిడైజ్ అయిన పొర ఒకటి తయారవుతుంది. దాన్ని 0.2 ఎంఎం లోతున స్క్రేపరుతో చెక్కి తీయాలి. వీళ్లు ఎమెరీ పేపరు రుద్దుతారు. అది పొరని తీయదు, మురికిని లోపలికి రుద్దుతుంది. కప్లరు ఎంత లోతు దూరాలో పైపు మీద గీత పెట్టరు, క్లాంపు బిగించరు, ఒక హెల్పరు చేత్తో పట్టుకుని నిలబడతాడు. కప్లరు మీద చిన్న పిన్ను బయటికి రాగానే అయిపోయిందంటారు. ఆ పిన్ను వేడి ఎక్కిందని చెబుతుంది, అతుకు పట్టిందని చెప్పదు. చల్లారే సమయం కప్లరు మీదే అచ్చై ఉంటుంది, చదివి వినిపించండి. ఇలాంటి జాయింటు లైన్లో ఒకటో రెండో ఉంటాయి. వాటికి స్క్రేపరు, క్లాంపు తెస్తేనే చేయించండి, లేకపోతే అక్కడ కూడా ఫ్లాంజీ పెట్టించుకోండి.

ఎండ లెక్క మరిచిపోవద్దు. హెచ్‌డీపీఈ మీటరుకి డిగ్రీకి దాదాపు 0.2 ఎంఎం సాగుతుంది. నేల మీద వదులుగా ఉన్న 300 మీటర్ల లైను 15 డిగ్రీల తేడాకి 80, 90 సెంటీమీటర్ల దాకా పొడుగు మారుతుంది. నల్ల పైపు మిట్టమధ్యాహ్నం అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. మధ్యాహ్నం రెండింటికి రెండు కొసలూ బిగించేస్తే తెల్లారేసరికి పైపు కుంచించుకుని ఫ్లాంజీలని లాగుతుంది. చివరి కలుపు పొద్దున్నే పెట్టించుకోండి. లైనుని తిన్నగా కాకుండా కొంచెం పాములా వంపులు వదిలి పరవాలి. టీం సాయంత్రానికి ఇంటికి వెళ్లాలని మధ్యాహ్నమే కలుపుతామంటుంది, ఒప్పుకోవద్దు.

పరీక్ష దగ్గర ఒక విషయం గట్టిగా చెప్పాలి. కంప్రెసరుతో గాలి పట్టి, సబ్బు నీళ్లు రాసి చూపిస్తామంటారు. వద్దనండి. గాలి నొక్కుకుని ఉన్న లైన్లో అతుకు విడిపోతే పైపు కొస కొరడాలా లేచి మనిషిని కొడుతుంది. నీళ్లు నింపి, ఎత్తైన చోట గాలి పూర్తిగా వదిలి, నడిచే ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు పట్టాలి. హెచ్‌డీపీఈ ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి గేజీ ముల్లు మొదట మెల్లగా దిగుతుంది, దాన్ని చూసి కారుతోందని అనుకోనక్కర్లేదు. మళ్లీ పట్టి, నిలకడగా నిలిచాక అన్ని అతుకుల్నీ పొడి గుడ్డతో తుడిచి తడి చూసుకోవాలి.

ఏరియేటరు ఫ్లోట్లు కూడా వేడి గాలి గన్నుతో అతుకుతామని బోర్డు పెట్టారు. తాత్కాలికంగా పనికొస్తుంది. ఊది తయారుచేసిన ఫ్లోట్లలో అచ్చు రెండు సగాలు కలిసే గీత దగ్గరా, మూలల దగ్గరా గోడ పలచబడి ఉంటుంది. పగిలేది అక్కడే. అదే రకం ప్లాస్టిక్ రాడ్డు లేకుండా అతికితే నాలుగు రోజులు కూడా ఆగదు.

టీం ఎక్కువగా బిజీగా ఉండేది వేసవిలో, కాలువలు కట్టేసి చెరువులు ఎండబెట్టే రోజుల్లో. ఏటి ఒడ్డున నీళ్లు తోడే కొస పాటు సమయంలోనే అతకాలి, కాబట్టి పోటు పాట్ల వేళలు చూసుకుని తేదీ ఇవ్వండి. ఫోన్లో ఇవి ఖాయం చేసుకోండి: ఐఎస్ ముద్ర ఉన్న పైపు, హైడ్రాలిక్ మెషీన్, వాళ్ల జనరేటరు, రోజు కూలీ, పొద్దున్నే ఒక పరీక్ష జాయింటు, నీళ్లతో ప్రెషర్ టెస్టు. పని రోజున ఇంట్లోవాళ్లనో, చెరువు కాపలా మనిషినో గడియారం పట్టుకుని మెషీన్ పక్కన కూర్చోబెట్టండి. ప్రతి జాయింటు పక్కన పెయింట్ మార్కరుతో నంబరు, కలిపిన సమయం, క్లాంపు తీసిన సమయం రాయించండి. రాయమంటే టీం అభ్యంతరం చెప్పదు. రాయడం మొదలైన దగ్గర్నుంచి గోటితో నొక్కి చూడడం ఆగిపోతుంది.